వంటింటి వైద్యానికి ఎంత గడువు?

ఒంటికి వెళ్లినప్పుడు మంటగా ఉందంటే తెలుగిళ్లలో మొదట గుర్తొచ్చేది బార్లీ. దాని వెనకే సబ్జా గింజలు, ధనియాల నీళ్లు, పలచటి మజ్జిగ, కొబ్బరిబొండాం, అరటిదవ్వ, పల్లేరుకాయల కషాయం, కొండపిండి ఆకు వరసగా వస్తాయి. "వేడి చేసింది, చలవకు ఏదైనా తాగు" అనే ఒక్క మాటతో రోగనిర్ణయమూ చికిత్సా రెండూ అయిపోతాయి. ఇంకోపక్క, వీధి చివరి మందుల షాపుకు వెళ్లి చీటీ లేకుండానే నాలుగు మాత్రలు తెచ్చుకునే అలవాటు కూడా బాగా స్థిరపడింది. మొదటిది మూఢనమ్మకమని రెండోవాళ్లు, రెండోది మందుల పిచ్చి అని మొదటివాళ్లు తీసిపారేస్తుంటారు. ఆడవాళ్లలో దాదాపు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా వచ్చే జబ్బును ఇంత తేలిగ్గా తేల్చేయడం నాకు నచ్చలేదు. అందుకే ఒక మేనత్తనూ మేనకోడలినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. మేనత్త హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, ఇంటి వైద్యం తరఫున మాట్లాడుతుంది. మేనకోడలు ఆసుపత్రిలో మైక్రోబయాలజిస్టు, రోజూ మూత్రం కల్చర్లు చూడటమే ఆమె పని. ఇద్దరూ కల్పిత పాత్రలే. వాళ్లు చెప్పుకునే పరీక్షలు, అంకెలు మాత్రం వైద్య పత్రికల్లో అచ్చయినవి. ఊరుకోలేనిచోట నేనూ కల్పించుకుంటాను.

మేనత్త: ముందు ఒక సంగతి ఒప్పుకో అమ్మాయ్. మూత్రాశయానికి వచ్చే ఈ ఇన్‌ఫెక్షన్ చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. ఇది నా మాట కాదు, మీవాళ్లు చేసిన పరీక్షల మాట. మందేమీ లేని ఉత్తి మాత్ర ఇచ్చిన ఆడవాళ్లలో కూడా నాలుగో వంతు నుంచి ఐదింట రెండు వంతుల దాకా లక్షణాలు తగ్గిపోయాయని తేలింది. జర్మనీలో 494 మంది ఆడవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఫాస్ఫోమైసిన్ అనే యాంటిబయాటిక్, రెండో జట్టుకు మామూలు నొప్పి మాత్ర ఇబుప్రొఫెన్ ఇచ్చారు. 2015లో ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. నొప్పి మాత్ర వేసుకున్నవాళ్లలో మూడింట రెండు వంతుల మందికి నెల రోజుల దాకా యాంటిబయాటిక్ అవసరమే పడలేదు. శరీరం తన పని తాను చేసుకుంటోందని దీనర్థం. మూత్రం వచ్చిన ప్రతిసారీ క్రిములు కొన్ని కొట్టుకుపోతాయి. మేము ఇచ్చే బార్లీ, మజ్జిగ ఆ పనికి చేదోడు. పైగా వాటితో పోయేదేమీ లేదు. మీ మాత్రల సంగతి చూడు. సిప్రోఫ్లాక్ససిన్ జాతి మందులు కండరాలనూ నరాలనూ కీళ్లనూ దెబ్బతీయవచ్చని, వేరే మందు ఉన్నప్పుడు మామూలు మూత్ర ఇన్‌ఫెక్షన్‌కు వాడొద్దని 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థే చెప్పింది. మన దగ్గర ఇప్పటికీ మంట అనగానే షాపువాడు తీసేది ఆ జాతి మాత్రనే కదా?

మేనకోడలు: నువ్వు చెప్పిన అంకెలన్నీ నిజమే అత్తా, ఒకటి మాత్రం వదిలేశావు. ఆ జర్మనీ పరీక్షలోనే, ఇన్‌ఫెక్షన్ పైకి పాకి కిడ్నీకి చేరినవాళ్లు నొప్పి మాత్ర జట్టులో ఐదుగురు, యాంటిబయాటిక్ జట్టులో ఒక్కరు. ఐదు చిన్న అంకే అంటావు. సరే, నార్వే, స్వీడన్, డెన్మార్క్‌లలో 383 మందితో అలాంటిదే మరో పరీక్ష చేసి 2018లో ప్రకటించారు. నాలుగో రోజుకు తగ్గిందన్నవాళ్లు యాంటిబయాటిక్ వైపు నూటికి 74 మంది, ఇబుప్రొఫెన్ వైపు 39 మంది. కిడ్నీకి పాకిన కేసులు ఏడు వస్తే ఏడూ ఇబుప్రొఫెన్ వైపే. రెండు చోట్ల వేరువేరుగా చూసినా తక్కెడ ఒకే పక్కకు మొగ్గింది. ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు నాలుగు సెంటీమీటర్లే. పేగులో ఉండే ఈ.కొలై ఆ కాస్త దూరం దాటి మూత్రాశయానికి రావడం ఎంత సులువో, అక్కడ తిష్ఠ వేశాక పైనున్న కిడ్నీలోకి ఎక్కడమూ కొందరిలో అంతే సులువు. ఎక్కితే చలిజ్వరం, నడుము పక్కన పోటు, వాంతులు. అక్కడితో ఆగకపోతే రక్తంలోకి. ఇక నొప్పి మాత్ర సంగతి. జర్మనీలో ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లకు ఇచ్చిన ఇబుప్రొఫెన్‌ను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎండన పడి నీళ్లు చాలక, అప్పటికే కిడ్నీలు దెబ్బతింటున్న మనిషికి ఇవ్వమని నువ్వూ అనవు.

మేనత్త: అనను. నొప్పి మాత్ర నా వంటింట్లోది కాదు కూడా. నేను చెప్పేది, ఆగగలిగిన జబ్బు అని మాత్రమే.

మేనకోడలు: ఆగగలిగినవాళ్లు ఉన్నారు. నాకు పేచీ ఆగడంతో కాదు, తగ్గాక ఆ పేరు ఎవరికి దక్కుతుందన్న దానితో. నూటికి ముప్ఫై మందికి దానంతటదే తగ్గే జబ్బుకు ఏ వైద్యం చేసినా నూటికి ముప్ఫై మందిని బాగు చేసినట్టే కనిపిస్తుంది. బార్లీ తాగినవాళ్లు బార్లీ పేరు చెబుతారు, తాయెత్తు కట్టుకున్నవాళ్లు తాయెత్తు పేరు చెబుతారు. తగ్గనివాళ్లు ఆసుపత్రికి వస్తారు, వాళ్ల లెక్క వంటింటి ఖాతాలో పడదు. అందుకే తరతరాల అనుభవం అనేదాన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి నాకు జంకు. అనుభవం అబద్ధమని అనడం లేదు. సగం లెక్కే దానికి అందుతుందని అంటున్నాను.

మేనత్త: సగం లెక్కే అందితే మిగతా సగం మీరు తేల్చాలి. ఎందుకు తేల్చలేదు? బార్లీ మీద పరీక్ష పెట్టడానికి కోట్లు ఎవరు ఖర్చు పెడతారు? పేటెంటు రాని గింజ అది. అమెరికాలో క్రాన్‌బెర్రీ రసం పెద్ద వ్యాపారం కాబట్టి దాని మీద పరీక్షలు గుట్టలుగా ఉన్నాయి. 2023లో కాక్రేన్ సంస్థ 50 పరీక్షలను, దాదాపు తొమ్మిది వేల మంది లెక్కలను కలిపి చూసి, పదేపదే ఇన్‌ఫెక్షన్ వచ్చే ఆడవాళ్లలో క్రాన్‌బెర్రీ ఆ ముప్పును నాలుగో వంతు తగ్గిస్తుందని తేల్చింది. అదే సంస్థ 2012లో పెద్దగా ఉపయోగం లేదంది, గుర్తుందా? పదకొండేళ్లలో లేదు కాస్తా ఉంది అయింది. రేపు మన పల్లేరుకో గలిజేరుకో అంత ఓపిగ్గా పరీక్ష పెడితే ఏం తేలుతుందో ఎవరు చూశారు? చరకసంహితలో మూత్రకృచ్ఛ్రానికి, అంటే మూత్రం మంటతో కష్టంగా రావడానికి, ఒక అధ్యాయంలో చికిత్స చెప్పారు. పల్లేరు ఆ కాలం నుంచీ వాడుకలో ఉంది. పరీక్ష జరగలేదనడం ఒకటి, పనిచేయదనడం ఒకటి.

మేనకోడలు: ఆ తేడా ఒప్పుకుంటాను. బార్లీ మీద చెప్పుకోదగ్గ పరీక్ష లేదు, కాబట్టి పనిచేయదని రుజువైందని నేను అనను. అయితే పరీక్షకు నిలబెట్టిన ఇంటి మందులు మనకు ఏం నేర్పాయో చూద్దాం. ఈ.కొలై ఒంటి మీద సన్నటి పీచులు ఉంటాయి. పల్లేరుకాయ కాలికి గుచ్చుకున్నట్టు ఆ పీచులతో అది మూత్రాశయం గోడకు పట్టుకుంటుంది. నీళ్లు పోసినంత మాత్రాన గుచ్చుకున్న పల్లేరు ఊడదు, ఇదీ అంతే. డి-మానోస్ అనే చక్కెర ఆ పీచుల కొనలకు అతుక్కుని క్రిమిని గోడకు అంటకుండా చేస్తుందని ల్యాబులో కనిపించింది. 2014లో క్రొయేషియాలో 308 మందితో పరీక్ష చేస్తే, ఏ మందూ తీసుకోని జట్టులో నూటికి 60 మందికి జబ్బు తిరగబెడితే డి-మానోస్ జట్టులో 15 మందికే తిరగబెట్టింది. ప్రపంచమంతా పొడి డబ్బాలు కొన్నారు. ఆ పరీక్షలో ఒక లోపం ఉంది. ఎవరు ఏం తీసుకుంటున్నారో అందరికీ తెలుసు, ఉత్తి పొడి ఇచ్చిన జట్టు లేదు. బ్రిటన్‌లో ఆ లోపం లేకుండా 598 మందితో ఆరు నెలలు నడిపి 2024లో ఫలితం చెప్పారు. మళ్లీ ఇన్‌ఫెక్షన్ అనుమానంతో వైద్యుల దగ్గరికి వచ్చినవాళ్లు డి-మానోస్ జట్టులో నూటికి 51 మంది, ఉత్తి పొడి జట్టులో 56 మంది. అంటే దాదాపు తేడా లేనట్టే. ల్యాబు గిన్నెలో క్రిమిని ఆపిన ప్రతి పదార్థమూ నోట్లోంచి పేగుకు, పేగులోంచి రక్తానికి, రక్తంలోంచి మూత్రానికి తగినంత మోతాదులో చేరాలి. వెల్లుల్లి గురించి, యాపిల్ సిడార్ వెనిగర్ గురించి గొప్పగా చెప్పేవాళ్లు ఈ ప్రయాణం ఊసే ఎత్తరు.

మేనత్త: క్రాన్‌బెర్రీ నిలబడిందిగా?

మేనకోడలు: నిలబడింది, రాకుండా చూడటంలో. వచ్చిన ఇన్‌ఫెక్షన్‌ను అది తగ్గిస్తుందని ఎవరూ చూపించలేదు. జర్మనీలోనే ఊవా ఊర్సీ అనే ఆకును, మన కొండపిండి లాగా అక్కడి పాతకాలపు మూత్రమంట మందును, 398 మందిలో యాంటిబయాటిక్‌తో పోల్చి చూశారు. ఆకు తీసుకున్నవాళ్లు యాంటిబయాటిక్‌లు బాగా తక్కువ వాడారు, నీ వాదనకు అది బలం. కానీ మంటా బాధా వాళ్లకే ఎక్కువ, కిడ్నీకి పాకిన కేసులూ వాళ్లలోనే ఎక్కువ. నాకు ఇందులో ఒక వరస కనిపిస్తోంది. జబ్బు రాకముందు ఈ మందుల్లో కొన్నింటికి విలువ ఉంది. వచ్చి కూర్చున్నాక అది కరిగిపోతోంది. ఇక చరకుడి మాట. ఆయన మూత్రకృచ్ఛ్రాన్ని ఎనిమిది రకాలుగా విడదీశాడు, రాయి వల్ల వచ్చేది అందులో వేరే రకం. విడదీసి చూడమని గ్రంథం చెబుతుంటే, అన్నిటినీ కలిపి వేడి చేసిందనేది మన వంటిల్లు. ఎండాకాలం నీళ్లు చాలక చిక్కబడిన మూత్రమూ మండుతుంది. కిడ్నీలో రాయి కదిలినా మండుతుంది. యోనిలో ఫంగస్ చేరినా, లైంగికంగా సోకే గనేరియా, క్లమీడియా ఉన్నా మండుతుంది. మొదటిదానికి నీ బార్లీ పూర్తి వైద్యం, నేను కాదనను. చివరిదానికి భార్యాభర్తలిద్దరికీ మందు పడాలి. ఈ నాలుగింటినీ ఒకే గ్లాసుతో సరిపెట్టడం ఏ ఆయుర్వేదం?

ఇక్కడ నేను కల్పించుకోక తప్పదు. వంటింటి సలహాలు ఒకదానితో ఒకటి ఎంత పడవో ఎవరూ గమనించినట్టు లేరు. ఒకరు నిమ్మరసం, విటమిన్ సి తీసుకుని మూత్రాన్ని పుల్లగా మార్చమంటారు. ఇంకొకరు వంటసోడా కలుపుకుని తాగమంటారు, షాపులో దొరికే సిట్రాల్కా లాంటి సిరప్‌లు చేసేదీ అదే, మూత్రంలో పులుపును విరిచేయడం. రెండూ ఒకే జబ్బుకు మందులు ఎలా అవుతాయి? సిరప్‌తో మంట కాస్త శాంతించినట్టు అనిపించవచ్చు. అది పనిచేస్తుందో లేదో తేల్చదగ్గ పరీక్ష ఒక్కటీ దొరకలేదని 2016లో కాక్రేన్ సమీక్ష రాసింది. పైగా మూత్రాశయ ఇన్‌ఫెక్షన్‌కు ముందుగా ఇచ్చే నైట్రోఫ్యురంటాయిన్ మూత్రం పుల్లగా ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది. ఒక చేత్తో ఆ మాత్ర, ఇంకో చేత్తో సిరప్ ఇస్తే రెండోది మొదటిదానికి అడ్డుపడవచ్చు. పోయేదేమీ లేదన్న మేనత్త మాట కూడా అందరికీ వర్తించదు. వంటసోడాలో సోడియం బీపీ ఉన్నవాళ్లకు చేటు. కొబ్బరినీళ్లలో పొటాషియం కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల గుండెకు ప్రమాదం. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లు క్రాన్‌బెర్రీ జోలికి డాక్టరును అడగకుండా పోకూడదు. బార్లీ, ధనియాలు, సబ్జాలతో మాత్రం చాలామందికి పేచీ లేదు.

మేనత్త: నా అసలు వాదన ఇంకా చెప్పనేలేదు. మీ మందులు ఇంకెన్నాళ్లు పనిచేస్తాయి? భారత వైద్య పరిశోధన మండలి ఏటా విడుదల చేసే నివేదికలు చూడు. మన ఆసుపత్రుల్లో దొరికే ఈ.కొలైలో ఎక్కువ భాగం సిప్రోఫ్లాక్ససిన్‌కు, మూడో తరం సెఫలోస్పోరిన్లకు లొంగడం లేదు. ఎన్‌డీఎం-1 పేరు విన్నావు కదా, చివరి ఆయుధాల్లాంటి కార్బపెనెమ్ మందులను కూడా తుత్తునియలు చేసే ఎంజైము. ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి వచ్చిన రోగి మూత్రంలో, 2008లో స్వీడన్‌లో మొదట దొరికింది. అంటే ఆ పీడకు పేరు పెట్టిందే మూత్రంలో దొరికిన క్రిమిని చూసి. ప్రతి మంటకూ మాత్ర వేసి వేసి తెచ్చిపెట్టుకున్న గతి ఇది. మా బార్లీకి అలవాటుపడిన క్రిమి ఇంతవరకు ఒక్కటీ పుట్టలేదు.

మేనకోడలు: ఎందుకు పుడుతుంది? బార్లీ దాన్ని ఏమీ చేయదు కదా! నవ్వకు అత్తా, నువ్వన్న ప్రమాదం అచ్చంగా నిజం. కానీ దాని నుంచి తేలేది బార్లీ కాదు, కల్చర్ పరీక్ష. శుభ్రం చేసుకున్నాక మొదటి ధార వదిలేసి మధ్య ధారను శుభ్రమైన డబ్బాలో పట్టి ఇస్తే, ఒకటి రెండు రోజుల్లో క్రిమి ఏదో, ఏ మందుకు లొంగుతుందో చెబుతాం. నైట్రోఫ్యురంటాయిన్ 1950ల నాటి మందు. అది ఒంట్లో మిగతా చోట్ల పెద్దగా నిలవకుండా మూత్రంలోకే చేరుతుంది. అందుకే కిడ్నీ ఇన్‌ఫెక్షన్‌కు పనికిరాదు, మూత్రాశయానికి మాత్రం చక్కగా సరిపోతుంది. మన దేశంలో మూత్రాశయం ఈ.కొలై ఎక్కువ భాగం ఇప్పటికీ దానికి లొంగుతోంది. భోజనంతో ఐదు రోజులు చాలు. ఒకే మోతాదు ఫాస్ఫోమైసిన్‌తో దాన్ని పోల్చిన 2018 నాటి పరీక్షలో నైట్రోఫ్యురంటాయిన్ జట్టులో నూటికి 70 మందికి పూర్తిగా నయమైంది, ఫాస్ఫోమైసిన్ జట్టులో 58 మందికి. నువ్వు చెప్పిన గతి పట్టించింది ఇలా క్రిమిని చూసి ఎంచుకున్న మందు కాదు. చీటీ లేకుండా కొన్న నాలుగు మాత్రలు. వాటిని రెండు రోజులు మింగి, తగ్గక మా దగ్గరికి వస్తారు. అప్పటికి మూత్రంలో క్రిమి కల్చర్‌లో పెరగలేనంతగా నీరసించి ఉంటుంది, చావదు. రిపోర్టులో ఏమీ లేదని వస్తుంది, మంట మాత్రం ఉంటుంది. 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే జాబితా ఉంది, అందులోని మందులు అమ్మితే షాపువాడు కొన్నవాళ్ల పేరు రాసుకోవాలి. 2016లో యాంటిబయాటిక్ అట్టల మీద ఎర్రగీత చూసి కొనమని ప్రచారం చేశారు. గీత చూసి ఆగేవాళ్లెందరు?

మేనత్త: షాపువాడినొక్కడినీ అనకు. రిపోర్టులో క్రిమి అన్న మాట కనబడితే చాలు, మంటా జ్వరమూ లేని ముసలివాళ్లకు కూడా పది రోజుల కోర్సు రాసే డాక్టర్లు లేరా?

మేనకోడలు: ఉన్నారు. అది తప్పే. లక్షణాలు లేకుండా మూత్రంలో బాక్టీరియా ఉండటం పెద్దవయసులో మామూలు. దానికి మందు వేస్తే మేలు లేదు, క్రిములు మొండికెత్తడం మాత్రం మిగులుతుంది. గర్భిణులకు ఇది వర్తించదు. వాళ్లలో లక్షణాలు లేకపోయినా వైద్యం చేయాలి, లేకపోతే కిడ్నీకి పాకే ముప్పు ఎక్కువ. కాబట్టి నా పరీక్షను కూడా మంట ఉన్నప్పుడే అడగాలి. ఇంకో సంగతి, నువ్వు యాంటిబయాటిక్‌కు ఎదురుగా వంటింటినే నిలబెడుతున్నావు. రెండూ కాని దారులూ ఉన్నాయి. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి యోనిలో మేలుచేసే లాక్టోబాసిల్లై పోతాయి, ఆ చోటును ఈ.కొలై ఆక్రమిస్తుంది. 1993లో 93 మంది పెద్దవయసు ఆడవాళ్లలో సగం మందికి యోనిలో రాసుకునే ఈస్ట్రియోల్ క్రీము ఇచ్చి చూస్తే, ఏడాదికి సగటున వాళ్లకు సగం సారి, మిగతావాళ్లకు దాదాపు ఆరుసార్లు ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఇంత పెద్ద తేడా ఈ జబ్బులో ఇంకే మందులోనూ నేను చూడలేదు.

మేనత్త: ముప్ఫై ఏళ్ల నాటి సంగతా! మరి మా వయసువాళ్లకు ఒక్కరూ చెప్పరేం?

మేనకోడలు: అడగడానికి మీకు బిడియం, చెప్పడానికి మాకు తీరిక లేదు. బార్లీ అయితే నలుగురిలో చెప్పుకోవచ్చు.

మేనత్త: ఆ మాట నిజమే. అయినా నీ దగ్గర నేను గెలిచే చోటు ఒకటుంది. 2018లో వచ్చిన నీళ్ల పరీక్ష చదివావు కదా. రోజుకు లీటరున్నర లోపే తాగుతూ, పదేపదే ఇన్‌ఫెక్షన్ వచ్చే 140 మంది ఆడవాళ్లను తీసుకున్నారు. సగం మందిని రోజూ ఇంకో లీటరున్నర నీళ్లు తాగమన్నారు. ఏడాదిలో వాళ్లకు సగటున 1.7 సార్లు జబ్బు వస్తే, మామూలుగా ఉన్నవాళ్లకు 3.2 సార్లు వచ్చింది. దాదాపు సగానికి తగ్గింది, మాత్ర లేదు, చీటీ లేదు. ఇది వంటింటి బిందె గెలుపు.

మేనకోడలు: ఆ పరీక్షకు డబ్బు పెట్టింది సీసా నీళ్లు అమ్మే డానోన్ కంపెనీ అని కూడా చెప్పు. పేటెంటు లేనిదానికి ఎవరూ ఖర్చు పెట్టరన్నావుగా! కానీ ఎవరు ఎక్కువ తాగుతున్నారో దాచలేని లోపం ఒక్కటి తప్ప, పరీక్ష పద్ధతిలో పెద్దగా తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒప్పుకుంటున్నాను, గెలుపు నీదే. తక్కువ తాగేవాళ్లకు, జబ్బు లేని రోజుల్లో, నీళ్లు పనిచేస్తాయి. గుండె నీరసించినవాళ్లకు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ఈ సలహా ఇవ్వకూడదు. ఒకటి గమనించు, అక్కడ తాగింది బార్లీ కాదు, ఉత్తి నీళ్లు. నీ బార్లీ గ్లాసులో మనకు రుజువున్న భాగం నీళ్లే.

మేనత్త: పోనీ, నీళ్లే. మరి ఆ మూడు లీటర్లు తాగిన ఆడది ఎక్కడికి వెళ్లాలి? దీనికి నీ ల్యాబులో జవాబు ఉందా? పొద్దున ఏడింటికి నాట్లకు వెళ్లిన కూలీ చుట్టూ మగవాళ్లున్న పొలంలో చాటు వెతుక్కోవాలి. బట్టల షాపులో పది గంటలు నిలబడే పిల్ల మేనేజరును అడిగి వెళ్లాలి. బస్టాండులో డబ్బులిచ్చి వెళ్లే గది తలుపుకు గడియ ఉండదు, ఉన్నా నీళ్లుండవు. ఊరికి దూరంగా ఉన్న బడిలో పనిచేసే పంతులమ్మ ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు గ్లాసెడు తాగి, మళ్లీ ఇల్లు చేరాకే ఇంకో గ్లాసు ముట్టుకుంటుంది. ఆడపిల్లలకూ అదే అలవాటవుతుంది. వీళ్లకు నీళ్ల విలువ తెలియక కాదు తాగనిది. తాగితే ఏమవుతుందో తెలిసే మానుకుంటారు. అన్ని బడుల్లోనూ ఆరు నెలల్లో మరుగుదొడ్లు కట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది 2012 అక్టోబరులో. కట్టినవాటిలో నీళ్లు వస్తున్నాయా, తాళం ఎవరి దగ్గర ఉంటోంది అన్నది వేరే కథ. కేరళలో బట్టల షాపుల ఆడవాళ్లు కూర్చోనివ్వాలని, ఒంటికి వెళ్లనివ్వాలని ఏళ్ల తరబడి పోరాడితే 2018లో చట్టం మారింది. 2021లో తమిళనాడు కూర్చునే హక్కుకు చట్టం తెచ్చింది. ఇక్కడ సిప్రో రాసే డాక్టరు, బార్లీ కాచే నేను, ఇద్దరం ఒకే పని చేస్తున్నాం. తాళం వేసిన మరుగుదొడ్డి పుట్టించిన జబ్బుకు వైద్యం చేస్తున్నాం.

మేనకోడలు: దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు. నేను రిపోర్టులో క్రిమి పేరు రాస్తాను, లక్ష కాలనీలు పెరిగాయని రాస్తాను, మరుగుదొడ్డి లేదని రాసే గడి అందులో లేదు. నీళ్లు తాగండి అని ఉచితంగా చెప్పే సలహా నిజానికి అంత ఉచితం కాదని నువ్వు చెప్పాకే తట్టింది.

మేనత్త: అయితే తేల్చు. మంట మొదలైంది, ఇంట్లో బార్లీ ఉంది. ఎంతసేపు ఆగనిస్తావు?

మేనకోడలు: బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌కు మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2018లో ఒక పద్ధతి చెప్పింది. గర్భం లేని, లక్షణాలు తీవ్రంగా లేని ఆడవాళ్లకు డాక్టరు చీటీ రాసి చేతికిచ్చి, రెండు రోజుల్లో తగ్గకపోయినా, ఈలోగా ముదిరినా అప్పుడు మందు కొనుక్కోమంటారు. నాకూ ఆ పద్ధతి ఇష్టమే. కానీ అక్కడ చీటీ ముందే చేతిలో ఉంటుంది, డాక్టరు ఫోనులో దొరుకుతారు. ఆ రెండూ లేని ఊళ్లో రెండు రోజులనేవి నాలుగవుతాయి, నాలుగు వారమవుతుంది. అందుకే నేను ఆగమనను.

మేనత్త: నేను ఆగమంటాను. ఒంట్లో ఇంకే జబ్బూ లేని వయసు పిల్లకు రెండు రోజులు ఇస్తే ప్రాణం పోదు, ఒక యాంటిబయాటిక్ కోర్సు తప్పవచ్చు. నీ భయం అందరికీ డాక్టరు దొరకరని. నా భయం దొరికినవాళ్లు అక్కర్లేకపోయినా రాస్తారని.

ఇద్దరూ ఇక్కడ కలవలేదు, కలపాలని నేనూ అనుకోలేదు. కానీ తీర్పు చెప్పమంటే, రుజువు ఉన్నంత మేరకు ఇలా చెబుతాను. ఇంటి వైద్యానికి పెద్దపీట జబ్బు రాకముందు. అక్కడ నీళ్లకు గట్టి రుజువు ఉంది, క్రాన్‌బెర్రీకి కొంత ఉంది, బార్లీకి నీళ్లలో ఉన్నంత ఉంది. జబ్బు వచ్చాక దాని గడువు ఎక్కువలో ఎక్కువ రెండు రోజులు, అదీ వయసులో ఉండి, గర్భం, షుగరు, కిడ్నీ జబ్బు ఏవీ లేని ఆడవాళ్లకే. గర్భిణికి, షుగరు ఉన్నవాళ్లకు, చిన్నపిల్లలకు, కిడ్నీలో రాయో అడ్డంకో ఉన్నవాళ్లకు గడువే లేదు. మగవాళ్లకూ లేదు. వాళ్ల మూత్రనాళం ఇరవై సెంటీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి, అంత దూరం దాటి ఇన్‌ఫెక్షన్ వచ్చిందంటే ప్రోస్టేటో రాయో ఇంకేదో కారణం ఉందేమో చూడాలి. చలిజ్వరం, నడుము పక్కన పోటు, వాంతులు, మూత్రంలో రక్తం, వీటిలో ఏది కనిపించినా ఎవరికైనా ఆ రోజే ఆసుపత్రి. మంటతో పాటు తెల్లబట్టో దురదో ఉంటే అది బహుశా మూత్రాశయం జబ్బే కాకపోవచ్చు, చూపించుకోవాలి. బార్లీ తాగినా, రెండు రోజులు ఆగినా, ఆగకపోయినా, ఒక్క పని మాత్రం మరవకండి. యాంటిబయాటిక్ మొదటి మాత్ర మింగేముందే కల్చర్ పరీక్షకు మూత్రం ఇవ్వండి.